మూడో ప్రకటన

నంద్యాలలో డెబ్భైలలో కట్టిన ఇంటికి ఎప్పుడైనా వెళ్తే ఒకసారి నేల వైపు చూడండి. బేతంచెర్ల నాపరాతి బండకూ బండకూ మధ్య గోరు కూడా దిగకపోతే అది దేవరాజు పరిచిన నేల అయివుంటుంది. మనిషి పొట్టి, మాట తక్కువ. పొద్దున ఎనిమిదింటికి గొంతుక్కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవాడు. మధ్యలో బీడీకి కూడా లేవడని తోటి మేస్త్రీ మద్దిలేటి వేళాకోళం చేసేవాడు.

ఆ గొంతుక్కూర్చోవడంలోనే మొదట తెలిసింది. 1976 ఎండాకాలం. అప్పటికి దేవరాజుకు ఇరవై ఆరేళ్ళు, పెళ్ళి కాలేదు. కుడి బీజం బరువుగా అనిపించింది. తడిమి చూసుకుంటే గట్టిగా గచ్చకాయంత గడ్డ. నొప్పి లేదు. వరిబీజం దిగిందేమో, బరువులు ఎత్తే పని కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నాడు. నొప్పి లేని జబ్బును మనవాళ్ళు జబ్బుగా లెక్కపెట్టరు.

రెండు నెలలకు గడ్డ పెద్దదైంది. అప్పుడైనా ఆసుపత్రికి పోవాలి కదా! పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ఆ ఏడాది సంగతి చెప్పాలి. అది ఎమర్జెన్సీ కాలం. ఆ ఏడు మన వైపు ఆపరేషన్ అనే మాటకు ఒకటే అర్థం. కంట్లో పొర తీసినా, కడుపులో పుండు కోసినా పేరు పెట్టి చెప్పాలి. పేరు లేకుండా ఉత్త ఆపరేషన్ అంటే కుటుంబ నియంత్రణే. జీపుల్లో వచ్చి మగవాళ్ళను పట్టుకుపోతున్నారని, సంతలో పట్టుకున్నారని, పెళ్ళికాని వాడిని కూడా వదల్లేదని ఊరంతా ఒకటే పుకారు. ఏది నిజమో ఏది అబద్ధమో ఎవరూ విచారించలేదు. సరిగ్గా ఆ చోటే గడ్డ పెట్టుకున్నవాడు తనంతట తానే ఆసుపత్రికి వెళ్ళి పంచె విప్పితే ఇంక వదులుతారా? దేవరాజు ఆలోచన అది. ఆ ఆలోచనతో ఆరు నెలలు పోగొట్టుకున్నాడు. వింటే కోపం రాక ఏం చేస్తుంది?

చివరికి నవంబరులో మద్దిలేటే రెక్క పట్టుకొని లాక్కుపోయాడు. డాక్టరు వేళ్ళతో నొక్కి చూశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నవాడు మాట ఆపేశాడు. చేతులు కడుక్కొని, మద్రాసు పెద్దాసుపత్రికి ఒక ఉత్తరం రాసిచ్చి, "రేపే బయలుదేరు" అన్నాడు. గుమ్మం దాకా వచ్చి, "ఎల్లుండి అనుకోవద్దు" అని ఇంకోసారి అన్నాడు.

గుంతకల్లులో రైలు మారి మద్రాసు చేరారు, దేవరాజూ తల్లి కృష్ణమ్మా. అక్కడ కుడి బీజం తీసేశారు. అది క్యాన్సర్ అన్నారు. ఆ తరువాత ఇరవై రోజులు పొట్ట మీదా గజ్జ మీదా రేడియేషన్, జనం మాటలో 'కరెంటు', పెట్టారు. పెద్ద యంత్రం కింద పడుకోబెట్టి, తలుపు వేసి అందరూ బయటికి పోయేవారు. దెబ్బ లేదు, మంట లేదు, చిన్న గరగర శబ్దం. తనను ఒంటరిగా వదిలి వాళ్ళంతా ఎందుకు పారిపోతున్నారో అనుకుంటేనే అతనికి చెమటలు పట్టేవి.

చిత్తూరు నర్సమ్మ ఒకామె డాక్టరు చెప్పిందంతా తెలుగులో చెప్పింది. "ఇది బాగయ్యే రకం, అదృష్టవంతుడివి. ఐదేళ్ళు దాటితే ఇంక భయం లేదు. ఒకటి తీసేసినా ఇంకొకటి ఉంది, మగతనానికి ఏం కాదు. కానీ ఈ కిరణాలు కొంచెం పక్కదానికీ తగులుతాయి. దాని పని ఆగిపోతుంది. కొందరికి రెండు మూడేళ్ళకు తిరిగి వస్తుంది, కొందరికి రాదు. బిడ్డల సంగతి ఇప్పుడే ఏం చెప్పలేం."

మగతనానికి ఏం కాదన్న మాటను దేవరాజు నమ్మలేదు. నంద్యాల వచ్చాక ప్రతి పొద్దునా అద్దం ముందు నిలబడి గడ్డం తడుముకొనేవాడు. పెరుగుతుందా, లేదా? ఆదివారం ఏసు గుడిలో పాట పాడేటప్పుడు గొంతు సన్నబడిందేమోనని పాడటం ఆపి పక్కవాడి గొంతుతో పోల్చుకొనేవాడు. గడ్డం పెరుగుతూనే ఉంది, గొంతు మునుపటిలానే బొంగురుగా ఉంది. అయినా మరుసటి పొద్దున మళ్ళీ తడుముకొనేవాడు.

కృష్ణమ్మ మాత్రం క్యాన్సర్ అనే మాట గడప దాటనివ్వలేదు. ఆ పేరు వింటే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగని రోజులు అవి. "వరిబీజానికి ఆపరేషన్ చేసినారు" అని వాడంతా చెప్పింది. వాడ ఆ మాటలో వరిబీజాన్ని వదిలేసి ఆపరేషన్‌ను పట్టుకుంది. 'పాపం, పెళ్ళికాని పిల్లోణ్ణి మద్రాసులో పట్టుకున్నారంట' అని చెవులు కొరుక్కున్నారు. ఎమర్జెన్సీ పోయింది, జీపులు పోయాయి. ఆ మాట మాత్రం టీ అంగళ్ళలో ఉండిపోయింది.

1979 ఎండాకాలంలో ఆళ్ళగడ్డలో మిషన్ బడికి నేల పరిచే పని దొరికింది. బడికి సెలవులే. కానీ అక్కడి టీచరు సలోమి రోజూ వచ్చి చూసిపోయేది. తల్లి లేని పిల్ల. తండ్రి సంజీవయ్య జొన్నచేను చేసుకొనే చిన్న రైతు. పని అయిపోయిన రోజు ఆమె గది అంతా నడిచి, ఒక మూల ఆగి, మడమతో నొక్కింది. "మేస్త్రీ, ఈ బండ ఊగుతాంది" అంది.

"ఊగదే టీచరమ్మా" అన్నాడు. వచ్చి నొక్కి చూస్తే నిజంగానే వెంట్రుకవాసి ఊగింది. అతని పనిలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆమే. తీసి మళ్ళీ పరిచాడు. ఆ ఒక్క బండకు అరపూట చేశాడు. అరపూట ఎందుకు పట్టిందో మద్దిలేటికి తెలుసు, తెలిసి నవ్వాడు.

గుడి పెద్దల ద్వారా సంబంధం మాట కదిలింది. కృష్ణమ్మ పొంగిపోయింది. దేవరాజు మాత్రం నెల రోజులు గడువు అడిగి, ఎవరికీ చెప్పకుండా కర్నూలు వెళ్ళాడు. అక్కడ ఒక డాక్టరు చిన్న సీసా చేతికిచ్చి, గొళ్ళెం సరిగా పడని గదిలోకి పంపాడు. ఆ సిగ్గు సంగతి వదిలేద్దాం. సాయంత్రానికి కాగితం వచ్చింది. డాక్టరు దాని మీద చివరి మాటను వేలితో చూపించి, "ఒక్క కణం కూడా లేదు. ఇంకో రెండేళ్ళు చూద్దాం. వస్తే రావచ్చు, ఆశ మాత్రం పెట్టుకోవద్దు" అన్నాడు.

ఆ కాగితం జేబులో పెట్టుకొని నంద్యాల వచ్చి, దేవరాజు పెళ్ళికి సరే అన్నాడు. అతని తప్పు అదే. దానికి వంక పెట్టడానికి లేదు. ఆమె కావాలనుకున్నాడు, చెప్తే దక్కదనుకున్నాడు, నోరు మూసుకున్నాడు.

గుడిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. పిల్లవాడి గుడిలోనూ, పిల్ల గుడిలోనూ. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, దీనికి అడ్డం చెప్పవలసిన కారణం ఎవరికైనా తెలిస్తే ఇప్పుడు చెప్పాలి అని పాస్టరుగారు చదివి ఒక్క నిమిషం ఆగుతారు. మామూలుగా ఆ నిమిషంలో జనం దగ్గుకుంటారు, చంటిపిల్లల్ని సముదాయించుకుంటారు. 1980 మే మొదటి ఆదివారం నంద్యాల గుడిలో ఆ నిమిషం దేవరాజు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వెనక ఎవరో చాప మీద కదిలితే పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో ఆదివారమూ అంతే. ఎవరూ లేవలేదు.

రెండో ప్రకటన అయిన నాలుగు రోజులకు సలోమి మేనమామ మోషే నంద్యాల వచ్చాడు. ఆయన లారీ డ్రైవరు, బండల లోడు దించడానికి వచ్చి టీ అంగట్లో ఆ మాట విన్నాడు. నేరుగా మద్దిలేటి దగ్గరికి వెళ్ళి, "మీ దేవరాజుకు ఆపరేషన్ అయ్యిందంట, నిజమేనా?" అని అడిగాడు. క్యాన్సర్ మాట నోట రానీయకూడదని కృష్ణమ్మకు ఒట్టేసిన మద్దిలేటి, "అయ్యింది, దానికేం ఇప్పుడు?" అన్నాడు. దేవరాజును కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం.

శనివారం పొద్దున దేవరాజుకు ఆళ్ళగడ్డ పాస్టరుగారి నుంచి కబురు వచ్చింది. ఉన్నపళంగా రమ్మని. మద్రాసు కాగితం, కర్నూలు కాగితం రెండూ కవరులో పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకొని బస్సెక్కాడు. ఏది బయటికి తీయాలో తెలియకనే రెండూ తెచ్చుకున్నాడు.

పాస్టరుగారి ఇంట్లో సంజీవయ్య ఉన్నాడు, మోషే ఉన్నాడు. సలోమి వంటింటి తలుపు వెనక ఉందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది.

"కూచో నాయనా," అన్నారు పాస్టరుగారు. "ఒకటే మాట అడుగుతా. దేవుని ముందర చెప్పాల. బిడ్డలు పుట్టకుండా ఆపరేషన్ చేపించుకున్న్యావా నువ్వు?"

అడిగిన ప్రశ్న దేవరాజు మూడేళ్ళుగా భయపడిన ప్రశ్న కాదు. ఆశ్చర్యంగా, దీనికి అతని దగ్గర నిజమైన జవాబు ఉంది.

"లేదయ్యగారూ," అన్నాడు.

"మరి మద్దిలేటి అయ్యిందన్న్యాడే?" అని లేచాడు మోషే. దేవరాజు తల వంచుకున్నాడు. మోషే అతని వైపే చూసి, అంతలోనే తొడ చరిచి, "వరిబీజమా ఏంది?" అన్నాడు.

దేవరాజు తల ఊపాడు. 'లేదు' అన్నది నిజం. ఈ తల ఊపడం పచ్చి అబద్ధం.

ఒక్కసారిగా గదిలో గాలి ఆడినట్టయింది. మోషే పగలబడి నవ్వాడు. "వరిబీజానికా ఇంత రభస! తప్పైపోయింది అబ్బోడా, ఏమనుకోవద్దు." సంజీవయ్య మొహం వెలిగిపోయింది. పాస్టరుగారు చేతులు జోడించి చిన్న ప్రార్థన చేశారు. సలోమి కాఫీ తెచ్చింది. గ్లాసు అందిస్తూ అతనికి మాత్రమే వినిపించేలా, "మీరు దాచిపెట్టేటోరు కాదని నాకు ముందే తెల్సు" అంది.

గండం గడిచింది. అతను కోరుకున్నది అదే కదా! కానీ ఆ కాఫీ అతను తాగలేదు. లోపల పెద్దవాళ్ళు పెళ్ళి రోజుకు లారీ మాట్లాడుకుంటుంటే, అతను గ్లాసు పట్టుకొని వరండాలోకి వచ్చాడు. సలోమి గ్లాసు కోసం వెనకే వచ్చింది. దేవరాజు జేబులోంచి కర్నూలు కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అంతా ఇంగ్లీషు. ఆమెకు చాలా మాటలు అర్థం కాలేదు. చివరి మాట దగ్గర ఆగింది. అది బడిలో ఆమె తరచూ రాసే మాటే. పిల్లలందరూ వచ్చిన రోజు హాజరుపట్టీలో రానివాళ్ళ గడిలో రాస్తుంది.

"నిల్," అంది. "ఏంది నిల్?"

"బిడ్డలు పుట్టే కణాలు," అన్నాడు. ఇంక ఆగలేదు. గడ్డ, మద్రాసు, క్యాన్సర్, కరెంటు, అన్నీ నాలుగు మాటల్లో చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ తన చెప్పుల వైపే చూశాడు.

"క్యాన్సరా?" అంది ఆమె. మొహంలో నెత్తురుచుక్క లేదు. "మళ్ళా వస్తాదా?"

"ఐదేండ్లు దాటాలంట. మూడు దాటినాయి."

"నాకెప్పుడు చెప్దామనుకున్న్యారు?"

"చెప్దామనుకోలేదు టీచరమ్మా."

"ఇప్పుడెందుకు చెప్పినారు మరి?"

"నువ్వు కాఫీ ఇచ్చి ఆ మాట అంటివే. అందుకు."

ఆమె కాగితాన్ని మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది. "లోపల నవ్వుతాండారు," అంది. "మా నాయనకు మీరు చెప్తారా?"

అతను గ్లాసును వరండా గట్టు మీద పెట్టాడు, తల ఎత్తలేదు.

"సరే. నేనే చెప్తా. రేపు మీరు ఈడికే రండి, ఈ గుడికి. నంద్యాల గుడిలో దాంకోని కూచోవద్దు. మా నాయన లేసి ఏమన్నా అంటే మీరు ఎదురుగా ఉండి వినాల. రాకపోతే ప్రకటన నేనే ఆపిస్తా." కాగితం తీసుకొని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వస్తే తానేం చేస్తుందో మాత్రం చెప్పలేదు.

నంద్యాలలో కృష్ణమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "నోట్లో మన్ను పోసుకుంటివి కదరా! వాళ్ళే వరిబీజం అన్న్యాక నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయిండేరా?"

ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరాడు. సిరివెళ్ళలో డ్రైవరు టీకి ఆపాడు. దేవరాజు కిందికి దిగాడు. ఎదురుగా నంద్యాల పోయే బస్సు ఇంజను ఆన్ చేసి నిలబడి ఉంది. లోపల సీట్లు ఖాళీ. సంజీవయ్య నిండు గుడిలో లేచి, "ఈడు క్యాన్సరోడు, బిడ్డలు పుట్టరు" అని అరుస్తాడు. జనమంతా వెనక్కు తిరిగి చూస్తారు. పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు. అంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఎవరో తోసినట్టు ఆ బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. "నంద్యాలా?" అన్నాడు కండక్టరు, టికెట్ల కట్ట తీస్తూ. దేవరాజు అతని మొహం చూశాడు, కాలు వెనక్కు తీసుకున్నాడు. వచ్చి తన బస్సులో తన సీట్లో కూర్చొని, మళ్ళీ దిగకుండా ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆళ్ళగడ్డ గుడిలో మగవాళ్ళ వైపు చివరి వరుసలో కూర్చున్నాడు. సంజీవయ్య రెండో వరుసలో ఉన్నాడు. తల తిప్పలేదు. ఆడవాళ్ళ వైపు సలోమి కూడా తిప్పలేదు. మోషే ఒక్కడే వెనక్కు చూశాడు. నిన్న నవ్విన మొహమేనా అది అనిపించింది.

పాటలు అయ్యాయి, వాక్యం అయ్యింది. పాస్టరుగారు కళ్ళద్దాలు సర్దుకొని పుస్తకం తెరిచారు. దేవరాజు పేరు, సలోమి పేరు, ఊళ్ళు. "అడ్డం చెప్పవలసిన కారణం ఎవరికైనా తెలిస్తే ఇప్పుడు చెప్పండి. ఇది మూడవ ప్రకటన, చివరిది."

సంజీవయ్య లేచాడు.

సంజీవయ్య పాస్టరుగారి వైపు చూశాడు. సంజీవయ్య దవడ కదిలింది. తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు. తరువాత వరుసలోంచి బయటికి వచ్చి, నడవ వెంట నడిచి, దేవరాజు పక్క నుంచే దాటి, తలుపు తీసుకొని బయటికి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు సలోమి వైపు చూశారు. ఆమె ఒళ్ళో పాటల పుస్తకాన్ని గట్టిగా పట్టుకొని కూర్చునే ఉంది. ఆయన ఇంకో క్షణం ఆగి పుస్తకం మూశారు. ప్రకటన అయిపోయింది.

అయిపోయిందని దేవరాజుకు సంతోషం కలగలేదు. లేచి బయటికి వచ్చాడు. సంజీవయ్య గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు.

"చెప్దామనే లేసినా," అన్నాడు అతని వైపు చూడకుండా. "నోరు రాలేదు."

దేవరాజు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మనవళ్ళు లేకపోతే పోనీలే అప్పా. నువ్వు పోతే? అప్పటికి నేనూ పోయింటా. మా సలోమికి ఎవురుండారు? బిడ్డన్నా ఉంటే ఆ బిడ్డను చూసుకోని బతుకుతాది. అదీ లేదంటివి." ఇప్పుడు ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బతుకుతావా నువ్వు? చెప్పు నాకు."

మూడేళ్ళుగా దేవరాజు భయపడింది తన కోసమే. గడ్డం కోసం, గొంతు కోసం, జనం నోళ్ళ కోసం. తాను పోతే ఇంకొకరి బతుకు ఏమవుతుందన్న భయం అతనికి ఒక్కనాడు కూడా తగల్లేదు. ఇప్పుడు తగిలింది. ఐదేళ్ళ మాట చెప్పవచ్చు, డాక్టరు మాట చెప్పవచ్చు. అవేవీ నోటికి రాలేదు.

"తెల్దు మామా," అన్నాడు. "నాకూ శానా భయంగా ఉంది."

లోపల పాట మొదలైంది.

"దానికీ భయమేనంట," అన్నాడు సంజీవయ్య. "నిన్నంతా ఏడ్చింది. అన్నం ముట్టలేదు. పొద్దున లేసి తల దువ్వుకోని, 'నాయనా, భయపడేదేందో ఆయన పక్కనుండే భయపడతా' అనింది. నేనేం చెప్పాల దానికి?" తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పో, లోపలికి పోయి కూచో. వెనక వద్దు, నా చాప కాడ కూచో. నేను మొగం కడుక్కోని వస్తా."